ఆరో కిటికీ

వాళ్లు ఇంకా కిందే ఉన్నారు, వంటగది దాటలేదు, తమ్ముడి గొంతు మాత్రం అప్పుడే మెట్లెక్కి గదిలోకి వచ్చేసింది, ఎప్పుడూ అంతే, మనిషి కంటే గొంతు ముందొస్తుంది, ఇరవై ఏళ్లుగా కాలేజీలో ఆఖరి బెంచీ దాకా వినబడేలా భౌతికశాస్త్రం చెప్పిన గొంతు, "మోచెయ్యి ఆనించి చూడండి, వేళ్ల కొసదాకా గోడే," అంటోంది, ఎవరో ఆనించి చూసినట్టున్నారు, నవ్వులు లేచాయి, మంచం మీద వెల్లకిలా పడుకున్న వడ్రంగి ఆ నవ్వుల్ని బట్టి మనుషుల్ని పోల్చుకున్నాడు, నలుగురు, కాదు ఐదుగురు, ఒకావిడ నవ్వు అందరూ ఆపేశాక మొదలైంది. తమ చేతులతో తామే ఇల్లు కట్టుకున్నవాళ్లు ఏడాదికి ఒక్కసారి తలుపులు తెరిచి నలుగురికీ చూపించే రోజు ఇది. మరదలు పొద్దున్నే వచ్చి అతనికి ఒళ్లు తుడిచి, గడ్డం గీసి, తల దువ్వి, మూత్రం సంచీ కనబడకుండా కొత్త దుప్పటి మెడదాకా లాగి, అంచులు పరుపు కిందికి దోపి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది, గోడకి పటం వంకర లేకుండా తగిలించానా అని చూసుకున్నట్టు. "చల్లగా ఉందా బావగారూ?" అంది. లేదన్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ చల్లగా ఉండదు, అదే కదా ఆ ఇంటి గొప్ప, బయట తొట్టిలో నీళ్లు గడ్డకట్టినా లోపల ఒంటి చొక్కాతో తిరగొచ్చు. అయినా భుజాల కింద అతనికి చలీ లేదు, వేడీ లేదు, దోమ కుట్టినా ఒకటే, మేకు దిగినా ఒకటే, పద్నాలుగు నెలలైంది ఒళ్లు తనది కాక.

ఎండ ఇంకా ఎదురుగోడ మీదే ఉంది. చలికాలంలో పదకొండింటికి నలుచదరపు వెలుగు ముక్క గోడ దిగడం మొదలుపెడుతుంది, పావుగంటకి మంచం కోళ్ల దగ్గరికి వస్తుంది, అక్కణ్నుంచి దుప్పటి మీదుగా పాకుతూ పన్నెండు కొట్టేలోపు మొహం మీద కూర్చుంటుంది, ఆ తర్వాత ఇరవై నిమిషాలు కళ్లు మూసుకున్నా రెప్పల లోపల ఎర్రగా మంటే. తెర దించే రిమోట్ బల్ల మీద ఉంది, కనబడేంత దగ్గర్లో, అందనంత దూరంలో. కుడిచేతి రెండు వేళ్లు కదులుతాయి, ఆ రెండు వేళ్లూ దుప్పటి దారం పీకడానికి పనికొస్తాయి. "ఊరికే వచ్చే ఎండ బావగారూ, పోనివ్వడమెందుకు," అంటుంది మరదలు, చెడ్డ బుద్ధితో కాదు, ఈ ఇంట్లో వెచ్చదనాన్ని పారబొయ్యడం అన్నం పారబొయ్యడంలాంటిది. దక్షిణం వైపు కిటికీలు సంపాదించి పెడతాయి, ఉత్తరం వైపువి ఖర్చు పెడతాయి, తమ్ముడు వచ్చినవాళ్లందరికీ చెప్పే మాట, ఇప్పుడు కిందా అదే చెబుతున్నాడు, "మామూలు కిటికీ కంటే పైకప్పు కిటికీకి వెలుగు రెట్టింపు, కానీ చలి కూడా అక్కణ్నుంచే దిగుతుంది, అందుకే మూడు పొరల అద్దం, మధ్యలో గాలి బదులు వేరే వాయువు, చుట్టూ దళసరి పట్టీ." ఆ పట్టీ ఎవరు బిగించారో అడగరేం, అడిగేవాళ్లు లేరు, అడగాలని తోచదు, తన చేతులతో తనే కట్టుకున్న ఇల్లు అంటే ఆ చేతులు మాట్లాడేవాడివే అనుకుంటారు. "కిటికీ చుట్టూ లోపలి పలకలు చూడండి, పై పలక నేలకి సమాంతరంగా ఉంటుంది, కింది పలక నిట్టనిలువుగా దిగుతుంది. అలా పెడితేనే గదిలో వెచ్చటి గాలి అద్దాన్ని తడుముతూ పోతుంది, చెమ్మ పట్టదు." విను, విను, వడ్రంగి పళ్లు బిగించాడు, నీ బొమ్మలో రెండు పలకలూ కప్పుకి అడ్డంగా గీసుకొచ్చావు కదరా, పెట్టెలాగా, నేను కాగితం నలిపి నీ మొహాన కొట్టి, వాసం మీద పెన్సిలుతో రెండు గీతలు గీసి చూపిస్తే, 'దీనికి లెక్క ఉందా అన్నయ్యా' అన్నావు, లెక్క లేదు, ముప్ఫయ్యేళ్లు ఉంది.

ఇంతకీ ఈ రోజు చెప్పేస్తాడు. పది రోజులుగా ఆ వాక్యాన్ని చిత్రిక పడుతున్నాడు, ముందు పొడుగ్గా ఉండేది, తిట్లుండేవి, ఒక్కొక్కటే చెక్కేశాడు, ఇప్పుడు ఐదు మాటలు మిగిలాయి, నున్నగా, ఎక్కడా చేతికి గుచ్చుకోకుండా. వాళ్లు పైకి రావాలి, ఈ గదిలోకి రావాలి, తలలెత్తి ఆ అద్దం వైపు చూడాలి, అప్పుడు. ఊపిరి ఒక్క దమ్ములో సరిపోతుంది. పరాయివాళ్ల ముందే చెప్పాలి, ఇంట్లోవాళ్ల ముందు చెబితే ఇంట్లోనే ఉండిపోతుంది, ఈ ఇంట్లోంచి గాలే బయటికి పోదు, మాటేం పోతుంది.

తమ్ముడు ఆ కాగితాల చుట్ట పట్టుకుని దుకాణానికి వచ్చిన సాయంత్రం గుర్తొచ్చింది, రంపపు పొట్టు మీద బూట్లతో నిలబడి, ఎప్పుడూ బూట్లు విప్పని వాడు ఆ రోజు విప్పాలా వద్దా అని తటపటాయించాడు, అవసరం అంత మర్యాద నేర్పుతుంది. "మనిద్దరం కడదాం అన్నయ్యా. బొమ్మలు నావి, చెక్కపని నీది. పై గది నీకే. మంచం మీంచి ఆకాశం కనబడేలా పెడతాను." నిజమే, మాట తప్పలేదు, పెట్టాడు. అప్పటికి వడ్రంగి దుకాణంలో ఒంటరిగా పని చేస్తున్నాడు, పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లెవరూ ఆరు నెలలు నిలవలేదు, వెంట్రుకవాసి తేడా వస్తే చేసిన తలుపుని వాళ్ల ముందే గొడ్డలితో చీల్చేవాడు, పేరు మాత్రం ఉండేది, తలుపంటే ఆయనే చెయ్యాలి అని. భార్య రెండేళ్లు కాపురం చేసింది. "మీకు నేనూ ఒక తలుపునే, మూసుకుంటోందా లేదా అని తోసి చూస్తారు, అంతే," అంది, మూసుకుని వెళ్లిపోయింది, కోపంగా కూడా కాదు, చప్పుడు లేకుండా, బాగా చేసిన తలుపులాగే. తమ్ముడొక్కడే మిగిలాడు తిట్టడానికి. దుకాణం మూసేసి వచ్చేశాడు. మూడేళ్లు, ఎండా వానా చూడకుండా, వాడికి సెలవులు ఉన్నప్పుడు ఇద్దరూ, లేనప్పుడు తనొక్కడూ. కిందనుంచి పైకి ఒక్కొక్క వాసం, ఒక్కొక్క పలక, పలకకీ పలకకీ మధ్య గాలి దూరని పట్టీ అతికించి వేలితో రుద్దుతూ, మరదలు భోజనం తెస్తే నిలబడే తింటూ, పాప అప్పటికి చిన్నది, రంపపు పొట్టుని దోసిళ్లతో ఎగరేసి 'మంచు, మంచు' అనేది, ఇప్పుడు పాప ఈ గదిలోకి రాదు, వాసన అంటుంది, గుమ్మంలోంచి 'పెదనాన్నా వెళ్లొస్తా' అని పరిగెడుతుంది, ఇవాళ కింద వచ్చినవాళ్లకి గుడ్డ చెప్పులు అందిస్తోంది, "ఇవి వేసుకుంటేనే లోపలికి," అంటోంది పెద్ద ఆరిందాలా. ఆరు కిటికీలు. ఐదు అయ్యాయి. ఆరోది.

వెలుగు ముక్క కోళ్లు ఎక్కింది. ఆరోది ఇదే, నెత్తిమీద ఉన్నదే. అప్పుడు, మర్నాడు పదింటికి గాలి పరీక్ష చేసేవాడు వస్తాడు, ఇంటి తలుపుకి పంకా బిగించి లోపలి గాలంతా లాగి, ఎక్కడెక్కడ కారుతోందో చూసేవాడు, వాడి తారీకు తప్పితే మళ్లీ మూడు నెలలకి గానీ దొరకడు, ఈలోపు ఆ కన్నం అలా ఉండకూడదు. పొద్దున ఏడైంది, పెంకుల మీద మంచు తెల్లగా పేరుకుంది, ఉప్పు చల్లినట్టు. "ఎండ పడనీరా, ఒక్క గంట," అన్నాడు వడ్రంగి. "తొమ్మిదింటికి నాకు క్లాసుంది," అన్నాడు తమ్ముడు, తర్వాత ఇంకో మాట అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, "వయసు మీద పడుతోందా అన్నయ్యా, భయమేస్తోందా?" అంతే, ఎక్కేశాడు. అతను బయట, కప్పు మీద, తమ్ముడు లోపల, కన్నం కింద బల్ల మీద. ఛాతీకి కట్టుకున్న తాడు కన్నంలోంచి లోపలికి వెళ్లి వాసానికి ఒక చుట్టు తిరిగి తమ్ముడి ఎడమచేతిలో ఉంది, ముడి వెయ్యలేదు, అటూ ఇటూ జరగాలి కదా, వదులు ఇవ్వాలి కదా. కుడిచెయ్యి అద్దం చట్రం కింద. ఆ చట్రం ఒక మనిషి ఎత్తగలిగినంత బరువు, అంతకన్నా కాస్త ఎక్కువ. చట్రం పై అంచుని ఇరుసులో కూర్చోబెడుతుంటే కుడికాలు కింద పెంకు లేదనిపించింది, ఉంది, కానీ లేదు, సబ్బులాగా, చట్రం అతని చేతుల్లోంచి లోపలికి ఒరిగింది, అతను బయటికి జారాడు, రెండూ ఒకేసారి. ఒక్క క్షణం, ఆ క్షణంలో వడ్రంగి కళ్లు మూసుకోలేదు, కన్నంలోంచి తమ్ముడి చేతులు కనబడ్డాయి, ఎడమచెయ్యి తాడు మీదుంది, తెరుచుకుంది, కుడిచేతి పక్కకి వెళ్లింది, రెండు చేతులూ కలిసి అద్దాన్ని గుండెలకి హత్తుకున్నాయి, పసిబిడ్డని హత్తుకున్నట్టు. ఆ తర్వాత చూరు, ఆకాశం, మిగిలిపోయిన పెంకుల కుప్ప. అద్దానికి గీత కూడా పడలేదు. తాడు జారిపోయింది, అని అందరికీ చెప్పాడు తమ్ముడు, ఆసుపత్రిలో చెప్పాడు, పోలీసులకి చెప్పాడు, వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పాడు, ఏడుపు అబద్ధం కాదు. వారం తర్వాత, వేరే పనివాడు వచ్చి ఆ చట్రాన్ని బిగించి వెళ్లాడు. మూడు నెలలకి జరిగిన గాలి పరీక్షలో ఇల్లు గొప్పగా నెగ్గింది. వాడు తాడు వదిలేసి అద్దం పట్టుకున్నాడు. ఐదు మాటలు.

మెట్ల మీద అడుగులు. పదమూడు మెట్లు, ఏడోదానికి గొంతు ఉండేది, మేకు కొట్టి నోరు మూయించాడు, ఇప్పుడు గుడ్డ చెప్పులతో వస్తుంటే అందరూ గాల్లో తేలుతున్నట్టే ఉంది, తమ్ముడి మాటలే మెట్లెక్కుతున్నాయి. "చలికాలం నడిమధ్యలో కూడా ఇల్లు మొత్తానికి తల ఆరబెట్టుకునే యంత్రానికి సరిపడా వేడి చాలు. మిగతాది ఎండ ఇస్తుంది, పొయ్యి ఇస్తుంది, మనుషులు ఇస్తారు. ఒక్కో మనిషి ఊరికే కూర్చున్నా వంద వాట్లు." మొదటి గది చూశారు, రెండోది చూశారు, తలుపు బయట ఆగారు, వడ్రంగి గొంతు సవరించుకున్నాడు, ఎండ ఛాతీ మీదికి వచ్చిందని కళ్లతో చూసి తెలుసుకున్నాడు, గొంతు దగ్గర చెమటపట్టాల్సింది పట్టదు, వెన్ను విరిగినవాళ్లకి పట్టదట, ఒళ్లు మూతపెట్టిన గిన్నెలా లోపలే కాగుతుంది, చెంపలు ఉడుకుతున్నాయి. "ఈ గదికి అసలు హీటరే లేదు," అంటున్నాడు తమ్ముడు గుమ్మంలో, "మా అన్నయ్య ఎప్పుడూ ఇందులోనే ఉంటాడు కదా, ఆ వంద వాట్లూ చాలు." ఎవరో నవ్వారు, నవ్వి, లోపల మంచం చూసి, నవ్వుని దగ్గులోకి మళ్లించారు. తమ్ముడికి తను అన్నది ఏమిటో తెలియలేదు. వాడికి అది లెక్క.

ఐదుగురూ లోపలికి వచ్చి గోడవారగా నిలబడ్డారు. పొడుగాటాయన ఒకరు, కళ్లద్దాలావిడ ఒకావిడ, తక్కిన ముగ్గురూ వాళ్ల వెనక. ఎవరూ మంచం వైపు సూటిగా చూడలేదు, అందరికీ ఒక్కసారిగా పైకి చూడాల్సిన అవసరం వచ్చింది, హాయిగా తలలెత్తారు.

"అబ్బ, ఎంత వెలుగో," అంది కళ్లద్దాలావిడ. "పడుకునే నక్షత్రాలు చూడొచ్చు. అదృష్టవంతులండీ మీ అన్నయ్యగారు."

"మా ఆవిడ ఆయన్ని కళ్లల్లో పెట్టుకుని చూస్తుంది," అన్నాడు తమ్ముడు. మరదలు గుమ్మం దగ్గర చేతులు తుడుచుకుంటూ తల వంచుకుంది.

"ఈ కిటికీలు బిగించడానికి మనిషిని పెట్టుకున్నారా?" అడిగాడు పొడుగాటాయన.

"లేదండీ, అంతా మేమే."

ఇప్పుడు. వడ్రంగి నోరు తెరిచాడు. పది రోజులు చెక్కిన వాక్యం పంటి దగ్గర ఇరుక్కుంది, మళ్లీ దమ్ము తీసుకున్నాడు. "వాడు తాడు వదిలేసి అద్దం పట్టుకున్నాడు." అనుకున్నంత గట్టిగా రాలేదు, అయినా ఆ గదిలో అందరికీ వినబడింది, తలలన్నీ కిందికి దిగాయి, పొడుగాటాయన మొహం మంచం మీదికి వంగింది, "ఏమన్నారు?" అన్నాడు. "ఆ అద్దమే. నేను కప్పు మీద, నా తాడు వాడి చేతిలో. జారాను. వాడు తాడు వదిలేసి, అద్దం పట్టుకున్నాడు." తమ్ముడి వైపు చూశాడు. చూడాలనే కదా ఇన్నాళ్లూ బతికింది. తమ్ముడి మొహంలో రంగు పోయింది, నోరు కొంచెం తెరుచుకుంది, ఆఖరి బెంచీ దాకా వినబడే గొంతు ముందు బెంచీకి కూడా రాలేదు.

మరదలే ముందుకొచ్చింది. మంచం పక్కన కూర్చుని అతని నుదుటి మీద చెయ్యి వేసి, వచ్చినవాళ్ల వైపు తిరిగి, చాలా మెత్తగా, "పడినప్పుడు తలకి కూడా దెబ్బ తగిలిందండీ," అంది. "అప్పుడప్పుడూ ఇలా అంటుంటారు. మీరేం అనుకోకండి. ఈ ఎండ కూడా పడదు ఆయనకి." రిమోట్ నొక్కింది. తెర బుసలు కొడుతూ దిగింది, గది బూడిదరంగయింది. "పాపం," అంది కళ్లద్దాలావిడ, వడ్రంగితో కాదు, అతని మీదుగా మరదలితో. "మా మామగారూ ఆఖర్న ఇంతేనమ్మా, నేను అన్నంలో మందు కలుపుతున్నానని ఊరంతా చెప్పేవారు. మీ ఓర్పుకి దండం పెట్టాలి." పొడుగాటాయన ఒక్క క్షణం తటపటాయించాడు, ఏదో అడగబోయాడు, అందరూ ఆయన్నే చూశారు, వడ్రంగి ప్రాణమంతా ఆయన నోటి దగ్గరికి పోయింది. "ఈ తెర కరెంటుదా, ఎండతో నడిచేదా?" అన్నాడాయన. "ఎండతోనే," అన్నాడు తమ్ముడు, గొంతు దొరికింది వాడికి, "దాని పైనే చిన్న పలక ఉంటుంది, వైరు అక్కర్లేదు, కప్పుకి కన్నం వెయ్యక్కర్లేదు, రండి, బయట గాలి మార్చే యంత్రం చూపిస్తాను," అంటూ, చేతులతో తోలుకుపోతున్నట్టు, అందర్నీ తీసుకుపోయాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి అన్నయ్యని చూడలేదు.

తలకి దెబ్బ. తలకి వెంట్రుకంత దెబ్బ తగల్లేదు, మిగిలిన ఒక్క తలనీ ఆవిడ రెండు మెత్తటి వాక్యాలతో తీసేసింది, అంత శుభ్రంగా తీసేసింది. పొద్దున గడ్డం గీసినట్టే, ఒక్క గాటు పడకుండా. బూడిదరంగు చీకట్లో వడ్రంగి కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు, కోపం రావాలి, వస్తుందనుకున్నాడు, కోపానికి కూడా ఒళ్లు కావాలేమో, పిడికిలి కావాలి, పొట్టలో మంట కావాలి, ఏవీ లేకపోతే అది తలలో దోమలా తిరిగి తిరిగి చప్పబడిపోతుంది. చప్పబడ్డాక ఆ చోట్లోకి ఇంకోటి వచ్చింది. రానివ్వకూడదనుకున్నదే. పద్నాలుగు నెలలు ఆ తాడు మాటనే తలుపుకి అడ్డం పెట్టి ఆపినది. మొదటి కిటికీ. ఇంటి వెనకవైపుది. తమ్ముడి వేలు చట్రం కింద నలిగితే 'అమ్మా' అని వదిలేశాడు, మూడు పొరలూ నేల మీద పగిలి గది నిండా చెరువు గడ్డకట్టి పగిలినట్టయింది, కొత్తది రావడానికి రెండు నెలలు, ఆ రెండు నెలలూ వాన ఆ కన్నంలోంచి పడి అతను చేసిన నేల పలకలు ఉబ్బిపోయాయి. పెంకులు వేసే మనుషులు నలుగురు చూస్తుండగా వడ్రంగి తమ్ముణ్ని చెంప మీద కొట్టాడు, నలభై ఐదేళ్ల లెక్చరర్ని, కళ్లద్దాలు ఎగిరి పొట్టులో పడ్డాయి, వాడు వంగి వెతుక్కుంటుంటే కాలితో వాటిని ఇంకాస్త దూరం నెట్టాడు. "ఇది నువ్వు పాఠం చెప్పే అద్దం కాదురా. నేను చచ్చినా సరే, ఇంకోసారి అద్దం వదిలావంటే నువ్వు నా తమ్ముడివే కాదు." అక్కడితో ఆగలేదు. ఆ మర్నాటి నుంచి చదువు చెప్పాడు. పాత చట్రానికి ఇటుకలు కట్టి, తమ్ముడి చేత పట్టించి, మెట్లు ఎక్కించి దించాడు, వాడు ఎక్కుతుంటే వెనకనుంచి హఠాత్తుగా సుత్తి నేలకేసి కొట్టేవాడు, భుజం మీద కర్రతో పొడిచేవాడు, ఒకరోజు పైమెట్టు మీదినుంచి తనే కావాలని కేక పెట్టి పడ్డట్టు నటించాడు, తమ్ముడు చట్రాన్ని పక్కకి విసిరేసి పరిగెత్తుకొచ్చి అన్నయ్యని రెండు చేతులా పట్టుకున్నాడు. లేచి రెండో చెంప మీద కొట్టాడు వడ్రంగి. "నన్ను కాదురా వెధవా. నన్ను కాదు. దాన్ని." పదిహేను రోజులు. చివరికి మళ్లీ కేక పెట్టి పడితే, తమ్ముడు చట్రాన్ని గుండెలకి హత్తుకుని కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు, కదల్లేదు, కళ్లనించి నీళ్లు కారుతున్నాయి, చేతులు మాత్రం చెక్కకి దిగిన మరల్లా ఉన్నాయి. "శభాష్," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఎంత పొంగిపోయాడో పిచ్చివెధవ.

కింద వీధి తలుపు తెరుచుకుంది, రబ్బరు అంచులు విడివడిన మెత్తటి చప్పుడు, వీడ్కోళ్లు, మళ్లీ మూసుకుంది. తమ్ముడు వాళ్లతోబాటు గేటు దాకా వెళ్లినట్టున్నాడు. మెట్ల మీద ఒకే మనిషి అడుగులు. మరదలు లోపలికి వచ్చి నిలబడింది, తలుపు వెయ్యలేదు. మంచం మీద కూర్చోలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి సర్దుతూ ఉండే చేతులు ఊరికే వేలాడుతున్నాయి.

"నిజమేనా?" అంది.

వడ్రంగి దించిన తెర వైపు చూపు తిప్పుకున్నాడు.

"వాళ్ల ముందు ఏదో ఒకటి అనాలి కదా, అన్నాను. మీ తలకి ఏం కాలేదని నాకు తెలుసు. ఆ రోజు ఆయన చేతులకి నేనే కట్టు కట్టాను బావగారూ. తాడు ఒరుసుకుపోయిందన్నారు. తాడైతే అరచెయ్యి కాలాలి. అరచెయ్యి శుభ్రంగా ఉంది. కోతలు వేళ్ల మొదట్లో ఉన్నాయి, వరసగా, రేకు అంచు పట్టుకుంటే తెగినట్టు. ఎనిమిది వేళ్లకీ. నేను చూశాను. అడగలేదు." ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. "అడిగితే తెలిసిపోతుందని అడగలేదు. పద్నాలుగు నెలలు మీ కింద గుడ్డలు మార్చాను. మా ఆయన చేతిలోంచి తాడు జారిపోయింది, పాపం, అనుకుంటూ మార్చాను. ఇంక అలా అనుకోలేను. నిజమేనా?"

"అవును," అన్నాడు వడ్రంగి.

ఆవిడ తల ఊపింది, కొలత సరిచూసుకున్న మనిషిలాగా. కాసేపు అతని మొహంలోకే చూసింది, అంత దగ్గరగా, అంత ఓపికగా ఎవరూ అతన్ని చూసి ఎన్నో ఏళ్లయింది, ఆ చూపులో ఇంకా ఒక చిన్న సందు ఉందని, అందులోంచి తన మొగుడు తప్పించుకోగలిగే మాట ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూస్తోందని వడ్రంగికి తెలిసింది, అలాంటి సందుల్ని కనిపెట్టడంలో అతన్ని మించినవాడు లేడు.

"ఇంకేమైనా ఉందా?" అంది. "నాకు తెలియాల్సింది?"

మాట నోట్లోకి వచ్చింది. నేనే నేర్పాను. రెండే మాటలు, ఐదు కూడా అక్కర్లేదు. పెంకుల మనుషులు నవ్వు ఆపుకోవడం కనబడింది, పొట్టులో వంగి చేతులతో తడుముకుంటున్న తమ్ముడి వీపు కనబడింది.

"లేదు," అన్నాడు.

ఆవిడ వెళ్లిపోయింది. ఏ మెట్టూ చప్పుడు చెయ్యలేదు. కింద తమ్ముడు లోపలికి వస్తూనే, "విన్నావా, వాళ్లు వచ్చే వారం కొలతలకి మళ్లీ వస్తారట," అన్నాడు, సగంలో ఆగిపోయాడు. ఆవిడేదో అంది, చిన్నగా. "పాపా, నువ్వు నీ గదిలోకి వెళ్లు," అంది తర్వాత, అది బాగా వినబడింది. గుడ్డ చెప్పుల పరుగు, ఒక తలుపు మూసుకోవడం. ఆ తర్వాత ఆ ఇంట్లో యంత్రం గాలి పీల్చి వదిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, అంత నిశ్శబ్దంగా కట్టారు దాన్ని, గోడల్లోంచి వీధి రాదు, కప్పులోంచి వాన రాదు, కింద మనిషి ఊపిరి ఎగబీల్చినా పైన మంచం మీదికి వస్తుంది. వడ్రంగి చెవులు రిక్కించాడు. చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు, చెంపదెబ్బ చెప్తాడు, ఇటుకల చట్రం చెప్తాడు, అన్నయ్యే నా చేత అలా చేయించాడు అంటాడు, వాడి స్థానంలో ఎవడున్నా అదే అంటాడు, తనైతే మొదటిరోజే అనేవాడు, ఆసుపత్రిలోనే, రక్తం ఆరకముందే.

"వదిలేశాను," అన్నాడు తమ్ముడు. "అవును. తాడు వదిలేశాను."

"ఎందుకు?"

వడ్రంగి రెండు వేళ్లూ దుప్పటిని పట్టుకున్నాయి.

"చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి. తోడబుట్టినవాడు పడిపోతుంటే గాజుపలకని ఎందుకు పట్టుకున్నారు? మనిషన్నవాడు ఎవడైనా..."

"తెలియదు," అన్నాడు తమ్ముడు. "నాకు తెలియదు. చేతులు అలా వెళ్లాయి."

"చేతులా," అంది ఆవిడ. ఒక కుర్చీ వెనక్కి జరిగింది. "మీ చేతులు నా కూతురి మీద పడనివ్వకండి ఇంక."

తమ్ముడు ఏడుస్తున్నాడు, నోటికి ఏదో అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు, వీపు ఎగిరెగిరి పడుతుంటుందని తెలుసు, చిన్నప్పణ్నుంచీ అంతే. వాడు కావాలంటే ఇప్పుడు కూడా చెప్పొచ్చు. చెప్పడు. చెంపదెబ్బ తిన్న రోజు ఇంటికి వెళ్లి, తలుపు తగిలిందని చెప్పి ఉంటాడు పెళ్లాంతో, అన్నయ్య పరువు పోకూడదని, అదే ఇప్పటికీ మోస్తున్నాడు, పదిహేను రోజుల్లో నేర్పిన పాఠం అంత బాగా నేర్చుకున్నాడు, పట్టుకున్నది వదలడు. వడ్రంగి గుండెల నిండా గాలి పీల్చాడు. గొంతు ఉంది, తలుపు తెరిచే ఉంది, పదమూడు మెట్లు, ఒక్క కేక వేస్తే ఇద్దరూ తలలెత్తుతారు. కింద పాప గది తలుపు తీసి, "అమ్మా, ఏమైంది?" అంది. వడ్రంగి పీల్చిన గాలిని ముక్కుతో, మెల్లగా, కొంచెం కొంచెంగా వదిలేశాడు, కింద వినబడకుండా.